రెండోసారి పుట్టిన మా నాయన

మొన్న ఆదివారం మధ్యాహ్నం వనపర్తిలో మా మనవరాలి ఇంట్లో అందరూ భోజనాలు చేసి టీవీ ముందు కూర్చున్నారు. ఏదో రాజుల కాలం నాటి పల్లెటూరి సినిమా. ఊరు విడిచిపోయిన మొగుడు ఏళ్ళ తర్వాత తిరిగి వస్తాడు, వాడు వాడేనా, వేరేవాడా అని ఊరంతా రెండు పాయలై కొట్టుకుంటుంది. చివరికి నిజం బయటపడింది, పిల్లలు హమ్మయ్య అనుకుని లేచి టీ పెట్టుకున్నారు. నేను మాత్రం గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, ఏమీ రాలేదు. మా ఇంట్లో జరిగినదానికి ఇట్లాంటి ముగింపు లేకపోయింది కదా అని మాత్రం అనిపించింది.

మా ఊరు బిజినేపల్లి దాపున, ఎర్రమట్టి మెట్టచెలకల ఊరు. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, వాన పడితే జొన్న, పడకపోతే వలస. నాకింకా ఊహ తెలియని రోజుల్లో, వరసగా వానలు మొండికేసిన కాలంలో, మా నాయన ఊరివాళ్ళతో కలిసి ఎక్కడో దూరాన చెరువుకట్ట మట్టిపనికి పోయాడు. అక్కడ గత్తర తగిలి వాంతులతో, విరేచనాలతో మనుషులు పిట్టల్లా రాలిపోయారట. మిగిలి వచ్చినవాళ్ళు మా నాయన కూడా పోయాడని, అందరినీ ఒకే కుప్పలో కాల్చారని చెప్పారు. ఎముక కూడా చేతికి రాలేదు కనుక మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, మా చిన్నాయన చేత దానికే కొరివి పెట్టించి, పిండం పెట్టించారు. మా అమ్మ గాజులు పగలగొట్టారు, పుస్తె తెంచారు. అప్పటికి ఆమెకు నిండా ఇరవై ఏళ్ళు ఉన్నాయో లేవో. మా ఇళ్ళల్లో మారుమనువు ఆచారం లేదు. ఇక ఆమె బతుకంతా చిన్నాయన ఇంట్లో పొయ్యి దగ్గర, పెంటకుప్ప దగ్గర. ఆమె వెనక నేను. చెలకలో మా నాయన పాలు కూడా చిన్నాయన నాగలి కిందికే పోయింది. కూడు పెట్టలేదని చెప్పను, పెట్టాడు. పెట్టినప్పుడల్లా మాకు తెలిసేటట్టు పెట్టాడు.

కొన్నేళ్ళకు, మొదటి వానకు చెలకలు తడిసిన రోజుల్లో, ఒక మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, ముఖమంతా అమ్మతల్లి పోసిన మచ్చలు, మాటల మధ్య కన్నడపు మాటలు. గత్తరలో తనను చచ్చినవాళ్ళ పక్కన వదిలేసి పోయారని, రాయచూరు వైపు పోయే బండ్లవాళ్ళు ఎత్తుకుపోయి బతికించారని, తర్వాత అమ్మతల్లి పోసిందని, అక్కడే పత్తి మిల్లులో పనిచేసి ఇన్నాళ్ళకు వచ్చానని చెప్పాడు. చూపు పోయిన మా నాయనమ్మ అతని తల తడిమి నా కొడుకే అని ఏడ్చింది. చిన్నాయన కాదన్నాడు. "మా అన్న ఇంత పొట్టోడా? చెలక మీద కన్నేసి వచ్చిండు వీడు," అన్నాడు.

చావడి దగ్గర పంచాయతీ పెట్టారు. అడిగినవాటిలో కొన్నింటికి సరిగ్గా చెప్పాడు, కొన్నింటికి తడబడ్డాడు. ఇంటి దేవర బండ ఏ గట్టున ఉందో చెప్పాడు. తన పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు ఎవరో చెప్పలేకపోయాడు. కావాలనుకున్నవాళ్ళు చెప్పినవి పట్టుకున్నారు, వద్దనుకున్నవాళ్ళు చెప్పనివి పట్టుకున్నారు. చివరికి పటేలు, కట్టుకున్నదాని కంటే ఎవరికి ఎరుక, ఆమెనే అడుగుదాం అన్నాడు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని చావడి మెట్ల కింద నిలబడింది. నేను ఆమె చీర పట్టుకుని ఉన్నాను. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత తల వంచి నన్ను చూసింది.

"ఆయన్నే," అన్నది.

"వదినా, జర సోంచాయించి చెప్పు," అన్నాడు చిన్నాయన.

"సోంచాయించే చెప్తున్న. ఆయన్నే."

ఊరికి ఆ మాట చాలింది. చెలక సగం విడిపించి ఇప్పించారు.

పౌరోహిత్యం చేసే అయ్యగారికి మాత్రం చాలలేదు. పిండం పెట్టించుకున్నవాడు మళ్ళీ పుడితే తప్ప గడప దాటరాదన్నారు. ఈ తంతు మీలో ఎందరు చూశారో నాకు తెలియదు. పెద్ద గంగాళంలో నీళ్ళూ నెయ్యీ పోసి, అంత మనిషిని అందులో ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, నోరు మెదపకుండా కూర్చోమన్నారు. తర్వాత బయటికి తీసి, నాయనమ్మ ఒడిలో తల పెట్టించి, నాలుకకు తేనె రాసి, చెవిలో కొత్త పేరు చెప్పారు. పసిబిడ్డకు చేసే వేడుకలన్నీ వరసగా చేసి, చివరికి మా అమ్మతోనే మళ్ళీ పెళ్ళి చేశారు. కన్నవాళ్ళ పెళ్ళిలో అక్షింతలు వేసిన పిల్లను నేను. వాడలో పిల్లలు "మీ నాయిన నీకంటె చిన్నోడు గదనే" అని ఏడిపిస్తే కొట్టడానికి ఉరికేదాన్ని. ఆ కొత్త పేరుతో ఎవరూ పిలవలేదు, అందరి నోటా పాత పేరే తిరిగింది. అమ్మకైతే ఏ పేరుతోనూ పని లేదు, మొగుడి పేరు పలకని కాలం అది.

ఆయన మంచివాడు. తాగలేదు, చేయి ఎత్తలేదు. చెలకలో రాళ్ళు ఏరి గట్టు పోశాడు, బండి కట్టి మమ్మల్ని బీచుపల్లి అంజన్న దగ్గరికి తీసుకుపోయాడు, నాకు జ్వరమొస్తే తెల్లవార్లూ తలాపున కూర్చున్నాడు. అమ్మ నవ్వగా నేను చూసింది ఆ కొన్నేళ్ళలోనే. నా పెళ్ళి మాటలు నడుస్తుండగా ఒక ఎండాకాలం పాము కరిచి పోయాడు. అప్పుడు ఏడ్చానో లేదో గుర్తు లేదు. గుర్తున్నది పదోరోజు.

పిండం పెట్టే ముందు అయ్యగారు పేరు, గోత్రం చెప్పమన్నారు. కొడుకులు లేరు గనుక చిన్నాయనే కూర్చున్నాడు. తన అన్న పేరు చెప్పబోయాడు. అప్పుడు లోపలి గదిలోంచి అమ్మ, పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పేరు నోట పలకని మనిషి, గంగాళం నాడు చెవిలో చెప్పిన ఆ పేరు అందరికీ వినపడేటట్టు పలికింది.

"ఆ పేరుకు పిండం ఎప్పుడో పెట్టిండ్రు. ఈయన పేరు గిది," అన్నది.

ఒకే మనిషికి ఒకే పేరున రెండుసార్లు పిండం ఏమిటని అన్నదో, ఆ పోయినవాడు వేరు, ఈయన వేరని అన్నదో ఎవరికి తెలుసు. అయ్యగారు శాస్త్రమే అని తల ఊపారు. చిన్నాయన తలుపు వైపు చూసి, పిండం ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

అమ్మ ముసలిదయ్యాక ఒకసారి ఉండబట్టలేక, ఆ వచ్చినాయన నిజంగా నాయనేనా అని అడిగాను. "నీకు నాయిన అయిండా లేదా?" అని నన్నే అడిగింది. అయ్యాడన్నాను. "ఇంకేంది మరి," అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నది. ఇప్పుడు నాయన అని తలచుకుంటే నాకు వచ్చేది ఆ మచ్చల ముఖమే. అంతకు ముందు ఇంకో ముఖం ఉందో లేదో, ఎంత తలచుకున్నా రాదు.

పోయిన నెల రేషను దుకాణంలో మిషను మీద వేలు పెట్టాను. గీతలు అరిగిపోయాయట, వేలిముద్ర పడలేదు. ఇన్నేళ్ళుగా నన్ను ఎరిగిన పిల్లవాడే, "అవ్వా, మిషను ఒప్పుకుంటలేదు, నేనేం జేయాలె," అన్నాడు. సంచీ మడుచుకుని వచ్చేశాను. నా పక్కన నిలబడి ఆమెనే అని చెప్పడానికి మా అమ్మ లేదు. ఉన్నా, ఆ మాట ఇప్పుడు ఎవరికి చాలుతుంది.