నాయిన సోడా మిషను

మా చిన్నప్పుడు... మేడ్చల్‌లో మా నాయిన గోలీసోడా మిషను తిప్పుతుంటే ఇంట్లో ఎవరం నోరు మెదిపేవాళ్లం కాదు. సీసాలో గ్యాసు ఎక్కువైతే పేలుతుంది మరి! షామీర్‌పేటలో సోడాలు చేసే మా మేనమామకు అలాగే ఒక కన్ను పోయింది. అప్పటి నుంచి మిషను చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మ పొయ్యి మీద కూర కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడేది...

నాయిన మాత్రం మొండిమనిషి. మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని, ప్రతి సీసానూ ఎండకు పెట్టి చూసి, గోటితో కొట్టి వినేవాడు. బీట ఉందో లేదో ఆ చప్పుడే చెప్పేదట.

పందొమ్మిదివందల అరవైల చివర్లో ఒక ఎండాకాలం... పై దేశపు కూల్‌డ్రింకుల కంపెనీ లారీ మా దుకాణం ముందు ఆగింది. టోపీ పెట్టుకున్న ఏజెంటు దిగాడు.

"ఐసుపెట్టె ముఫ్త్‌గ, పైసా లేకుంట ఇస్తం. గని నీ సోడా గీ దుకాన్ల కనవడొద్దు," అన్నాడు.

నాయిన మిషను తిప్పుతూనే అడిగాడు. "గా నల్లనీళ్లల్ల ఏమేస్తరు?"

"పాకం పీపాలల్ల వస్తది. గందుల ఏమున్నదో మాకు గుడ చెప్పరు. మేం నీళ్లు, గ్యాసు గలిపి మూత బిగిస్తం, గంతే."

"చేసెటోనికే తెల్వదా!" నాయిన పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు మొహం మీది తువ్వాలు జారింది. చెయ్యి మాత్రం ఆగలేదు...

ఢామ్మంది.

నాయిన మొహం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం... అమ్మ పరుగున వచ్చి ఆ చేతులు విడదీసింది.

"కనవడుతున్ననా? నేను కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్... కనుబొమ్మే తెగింది."

అమ్మ ఏడవలేదు. పరాయి మగవాళ్ల ముందుకు ఎన్నడూ రాని మనిషి, కొంగుతో రక్తం అదిమిపడుతూనే ఏజెంటు వైపు తిరిగింది. "పెట్టె దించుండ్రి," అంది. నాయిన ఆమె మొహంలోకి చూసి, పెట్టె పెట్టడానికి మూల చూపించాడు.

ఆ ఎండాకాలం అమ్మ నిమ్మళంగా వంట చేసుకుంది. నాయిన మిషను పక్కన పెట్టి, దుకాణంలో కూర్చుని కంపెనీ సీసాల మూతలు తీసి ఇచ్చేవాడు. అంతకుముందు మా ఊళ్లో ఉత్త సోడా అని అడిగేవారు కాదు, "దేవదానం సోడా" అనేవారు. కొత్త సీసాల మీద కంపెనీ పేరుంది... నాయిన పేరు చెప్పి అడిగేవాళ్లే లేకుండా పోయారు. అమ్మది తప్పనలేను, కన్ను కన్నే. కానీ ఆ మూతలు తీసే నాయినను తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు హైదరాబాదులో మేముండే సుచిత్ర చౌరస్తా దగ్గర ఏ కొట్టు చూసినా రంగురంగుల సీసాలే... ఎవరు చేశారని అడిగేవాళ్లు లేరు. మీ ఊళ్లో మనిషి పేరుతో పిలిచిన సోడా ఉండేదా? ఆ పేరొకసారి కింద రాయండి... మా మనవరాలు చదివి వినిపిస్తుంది.