డాక్టరమ్మ అరగంట కావలి

జూన్ మూడో తేదీ సోమవారం, ఉదయం పదకొండుంబావుకు కిషన్‌బాగ్‌లోని మా బెల్లం దుకాణంలో నన్ను కందిరీగ కుట్టింది. గొంతు పూడుకుపోయి పడిపోయాను. ఆసుపత్రిలో బతికాక, ఆ కందిరీగ విషాన్నే రవ్వంతతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ సూదితో ఎక్కిస్తానంది డాక్టరమ్మ. బెల్లం ఉన్నచోట కందిరీగలు తప్పవు. దుకాణం వదల్లేక ఒప్పుకున్నాను, నమ్మి కాదు.

సూది వేసిన ప్రతిసారీ ఆమె అరగంట ఎదురుగా కూర్చుని నా పెదవులే చూసేది.

"మందు మంచిదైతే గిట్ల కావలెందుకు బిడ్డా?"

"మందు మీద కాదమ్మా, మీ ఒంటి మీద నాకు అనుమానం. ఇంత విషానికే మస్తు లొల్లి చేస్తది. కొంచెం కొంచెం చూపిస్తుంటే అలవాటు పడ్తది. విషాన్ని అడ్డుకునే కాపలా గూడ లోపల్నే తయారైతది."

మరుసటి వేసవిలో బెల్లం దిమ్మె ఎత్తుతుంటే మళ్లీ కుట్టింది. ఆటోలో ఆసుపత్రికి పోతూ, చేతి అద్దంలో నా పెదవులు నేనే చూసుకున్నాను. చెయ్యి వాచింది, అంతే.

డాక్టరమ్మ నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని పెదవులు చూసి, "కూసోండి, అరగంట" అంది. సూదులు ఆపేది లేదని కూడా అంది.

ఆ రోజు పోయినవి: చెయ్యి వాచడంతో పగలగొట్టిన లాడ్ బజార్ గాజులు నాలుగు, చేజారిన బెల్లం దిమ్మె ఒకటి. అనుమానం పోలేదు, ఆమెదీ, నాదీ.