మా తోడల్లుడి చెవులు

మా తోడల్లుడిని చూస్తే నాకు కడుపుమంట. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది. ఇద్దరం ఒకే ఇంటి అల్లుళ్లం, మామయ్య షాపులోనే ఏసీలు బాగుచేసేవాళ్లం. మామయ్య దగ్గర పని నేర్చుకున్న మొదటివాణ్ణి నేను. అతను నా తర్వాత ఆరేళ్లకు వచ్చాడు. వచ్చిన ఏడాదికే అందరూ అతన్ని డాక్టరు అని పిలవడం మొదలుపెట్టారు. నన్ను మాత్రం ఇప్పటికీ 'ఏసీ అతను' అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను కంప్రెసర్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు తగిలించి, కళ్లు మూసుకుని వింటాడు. అర నిమిషం తర్వాత "లోపల అరిగిపోయిందండీ" అనో, "ఇది బాగానే ఉంది, ఫ్యాన్ మోటారు చూద్దాం" అనో అంటాడు. విప్పి చూస్తే అదే అయి ఉంటుంది. నేనూ ఒకసారి ప్రయత్నించాను. ఇంట్లో ఎవరూ లేరనుకుని ఫ్రిజ్ వెనక కూర్చుని స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాను. గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఈలోగా మా ఆవిడ వచ్చి, "ఫ్రిజ్ ఏమంటోందండీ?" అని అడిగింది. ఆ సంగతి వాళ్ల చెల్లెలికి చెప్పకుండా ఉంటుందా? మర్నాడు షాపులో డాక్టరు నన్ను చూసి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

నేను గోడకు రంధ్రం పెట్టి, రాగి పైపులు వంచి, చెమటలు కక్కుతూ పని ముగించాక, ఆ ఇంటావిడ నీళ్లు ఇస్తూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ తోడల్లుడుగారు కూడా ఒకసారి వచ్చి చూస్తారా?" ఆ నీళ్లు నాకు గొంతు దిగేవి కావు.

ఒక ఏడాది చలికాలం మొదట్లో ఛాతీలో జబ్బు చేసి మామయ్య మంచం పట్టారు. గది ఎప్పుడూ వెచ్చగా ఉండాలి. ఒకరోజు మా ఇద్దరినీ పిలిచి, "ఇక నావల్ల కాదు. ఈ చలి పోయేలోపు షట్టరు తాళాలు మీలో ఒకరి చేతిలో పెడతాను. రెండోవాళ్లు అలిగితే నేనేం చెయ్యలేను" అన్నారు. ఆ తాళాలు ఆయన దిండు కింద ఉండేవి. అప్పటినుంచీ నాకు నిద్రపట్టలేదు. పదిహేడేళ్లు ఆ షట్టరు పొద్దున్నే పైకి లేపింది నేను.

వారం తిరక్కుండానే మామయ్య గదిలోని మిషన్ మొరాయించింది. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి ఇచ్చే రకం అది. పద్నాలుగేళ్లది. డాక్టరు యథాప్రకారం చెవి పెట్టి విని, "కంప్రెసర్ గట్టిగానే ఉంది మామయ్యా. గాలిని చల్లదనం నుంచి వేడికి మార్చే వాల్వు బిగుసుకుంది, అంతే. అది మారిస్తే చాలు" అన్నాడు.

"చాలదు. ముసలి మిషన్‌కి అతుకులెందుకు? కొత్తది పెడదాం" అన్నాను. నిజానికి అతను చెప్పిందే సబబని నాకు తెలుసు. అతను కొత్తది పెడదామంటే నేను బాగుచేద్దామనేవాణ్ణి.

మామయ్య కాసేపు ఆలోచించి, "పెద్దల్లుడు చెప్పినట్టే కానివ్వండి" అన్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మా షాపులో ఒక పద్ధతుంది. కొత్త మిషన్ బిగించేటప్పుడు ఒకరు బయట పెట్టె దగ్గర, ఒకరు లోపల రిమోటు పట్టుకుని ఉండాలి. పైపుల్లోని గాలంతా పంపుతో లాగేశాక, బయటివాడు అలెన్ కీతో వాల్వులు తిప్పి, పెట్టెలో ఉన్న గ్యాసును పైపుల్లోకి వదులుతాడు. వదిలాక "తెరిచాను" అని కేక వెయ్యాలి. లోపలివాడు "విన్నాను" అని బదులిచ్చాకే రిమోటు నొక్కాలి. మామయ్య పెట్టిన నియమం అది. ఇద్దరు మనుషుల మధ్య గోడ ఉన్నప్పుడు నోరే దారి అనేవారు.

మర్నాడు పొద్దున నేను బయట బాల్కనీలో, డాక్టరు లోపల మామయ్య పక్కన. పంపు తిరుగుతోంది. కిటికీ రెక్క సందులోంచి మామయ్య గొంతు వినపడింది. "ఆ పాతదాన్ని నువ్వైతే ఇంకో ఐదేళ్లు నడిపించేవాడివి కదరా." ఆ వెంటనే ఇద్దరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మరి నా మాటెందుకు విన్నట్టు? జాలిపడా? పంపు ఆపాను, గొట్టాలు పీకాను, వాల్వుల మీది ఇత్తడి మూతలు బిగించాను, విసవిసా లోపలికొచ్చి డాక్టరు చేతిలోంచి రిమోటు లాక్కుని నొక్కాను.

"అన్నయ్యా, కేక వినపడలేదు..." అన్నాడు అతను నెమ్మదిగా.

"నీకు వినపడకపోతే నేనేం చెయ్యను? చెవులు ఎవరికైనా చూపించుకో" అన్నాను. ఆ మాట అన్నందుకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మిషన్ మీద దీపం వెలిగింది. బయట పెట్టె గురగురమంది. వెచ్చగాలి మాత్రం ఇంకా రాలేదు. "చలికి కొంచెం టైం పడుతుంది" అని చెప్పి, నా సంచీ తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుంటే మా ఆవిడ ఫోన్ పెట్టేసి చెప్పింది. "నాన్నకి వణుకు ఆగట్లేదట. గది ఐసు ముక్కలా ఉందట. మరిదిగారికి ఫోన్ చేశాను, వెళ్తున్నారు."

"నేను పక్కనే ఉన్నాను కదా!"

"మీరు తింటున్నారు కదా అని" అంది మొహం పక్కకు తిప్పుకుని.

నేను చెయ్యి కడుక్కుని పరుగెత్తాను. వెళ్లేసరికి మామయ్య మూడు దుప్పట్ల కింద ముడుచుకుని ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. మిషన్ తనంతట తనే ఆగిపోయి ఉంది. డాక్టరు అప్పటికే బాల్కనీలో ఉన్నాడు. ఇత్తడి మూతలు విప్పి చూస్తున్నాడు. అతని భుజం మీదుగా నేనూ చూశాను. వాల్వులు రెండూ మూసే ఉన్నాయి. గ్యాసంతా బయట పెట్టెలోనే ఉంది, ఒక్క చుక్క లోపలికి పోలేదు. కేక వెయ్యడమే కాదు, అసలు పనే చెయ్యలేదు నేను.

డాక్టరు నా వైపు చూశాడు. అలెన్ కీ పెట్టి రెండూ తిప్పాడు. అలవాటైన నోరు కదా, తిప్పగానే గట్టిగా కేక వేశాడు. "తెరిచాను!"

వేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. లోపల దుప్పట్ల కింద నుంచి సన్నగా, వణుకుతూ మామయ్య గొంతు వచ్చింది. "విన్నాను."

నలభై ఏళ్లు ఆ పనిలో ఉన్న మనిషికి ఇక చెప్పేదేముంది?

మళ్లీ రిమోటు నొక్కాక మెల్లగా గది వెచ్చబడింది. మామయ్య దిండుకు ఆనుకుని కూర్చుని, "పొద్దున నాకూ కేక వినపడలేదు పెద్దల్లుడూ. నా చెవులు కూడా చూపించుకోనా?" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఆయన దిండు కింద నుంచి తాళాల గుత్తి తీసి డాక్టరు వైపు చాపారు.

డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అన్నయ్యకివ్వండి మామయ్యా. మొదటినుంచీ షాపు చూసుకుంది ఆయనే. ఇవాళ ఏదో పరధ్యానంలో ఉన్నారు."

అతని మొహం పరీక్షగా చూశాను, లీకు కోసం పైపుకి సబ్బు నురగ రాసి చూసినట్టు. ఎక్కడైనా ఒక బుడగ, కాస్త నటన కనపడుతుందేమోనని. కనపడలేదు. ఈ మనిషి తప్పు కూడా చెయ్యడే అని ఏడుపొచ్చింది నాకు. తాళాలు పోయినందుకు కాదు, అవి అతని చేతి మీదుగా నాకు రావాల్సొచ్చినందుకు.

"వాడికే ఇవ్వండి" అన్నాను. దాన్ని నా మంచితనమని మా అత్తయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఇది జరిగి ఆరేళ్లు. షట్టరు అతను లేపుతాడు, నేను బయట పెట్టె దగ్గర పని చేస్తాను. వాల్వు తిప్పి "తెరిచాను" అని అరుస్తాను. గోడ అవతలి నుంచి "విన్నాను అన్నయ్యా" అంటాడు. ఆ అన్నయ్యా అన్నప్పుడల్లా నాకు భగ్గుమంటుంది. అయినా అది వినపడేదాకా మూతలు బిగించను.