వ్యాను మీద చెయ్యి వేసి

మా కృపాదానం తాత కళ్లు మూసుకున్నాడంటే మళ్లీ ఎప్పుడు తెరుస్తాడో ప్రభువుకే ఎరుక. మైపాడు చేపల్ని నెల్లూరుకు తోలే తన పాత వ్యాను కదలాలంటే ముందు బానెట్టు మీద అరచెయ్యి పెట్టి ప్రార్థన చేయాల్సిందే. ఆలోగా గంపల్లో ఐసు కరిగిపోయేది. అరవై ఒకటిలో ఆ వ్యాను గేదెను తప్పించబోయి ఇందుకూరుపేట దగ్గర కల్వర్టును గుద్దింది. దెబ్బ చూడ్డానికి మద్రాసు నుంచి బీమా ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఇంటికొచ్చే పెద్దమనిషికి సొట్టల బండి చూపించడం మర్యాద కాదని తాత భార్య, మా రెబెక్కమ్మ అవ్వ, అప్పు తెచ్చి, అన్నీ బాగు చేయించి, కొత్త రంగు కూడా వేయించింది. బీమా డబ్బు రాకపోతే ఇక ఆ అప్పుకు బండినే అమ్మాలి.

ఆఫీసరు బండి చుట్టూ తిరిగి, "దెబ్బ ఎక్కడయ్యా?" అన్నాడు. తాత బానెట్టు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, బంపరు వంగింది నువ్వు చూసినావు. రేడియేటరు పగిలింది, ఎడమ లైటు పోయింది, అదీ చూసినావు. వెనక తలుపు మాత్రం పోయినేడాదే విరిగింది. దాన్ని ఇందులో కలపనీయొద్దు తండ్రీ."

"ఏమయ్యా, ఆ తలుపు సంగతి ఆయన అడిగినాడా?" అని అవ్వ గొణిగింది.

"నేను మాట్లాడేది ఆయనతో కాదు గదే," అన్నాడు తాత, కళ్లు తెరవకుండానే.

చేపల గంపలతో కాచుకుని ఉన్న జాలర్లు తలగుడ్డలు తీసేశారు. ఆమెన్ వినపడేదాకా ఆఫీసరు ఎండలో కదలకుండా నిలబడ్డాడు. తర్వాత కలం మూత తీసి, "బంపరు దగ్గర్నుంచి మళ్లీ చెప్పండి కృపాదానం గారూ, రాసుకుంటాను," అన్నాడు.