నాలుగు బై ఆరు బాత్‌రూమ్, ఇరవై రెండేళ్ల పగ

మార్కాపురంలో ఎవరింట్లో బాత్‌రూమ్ మార్పించుకోవాలన్నా, శ్రీశైలమ్మ కొలతలు తీసే ముందు ఒకటే ప్రశ్న అడుగుతుంది. "పని జరిగినన్నాళ్లూ నేనెక్కడికి పోవాల?" ఇంటివాళ్లకు మొదట అర్థం కాదు. "అదే, ఒంటికి పోవాలంటే" అని విడమరుస్తుంది. ఇంకో బాత్‌రూమ్ ఉంటే చూపిస్తారు, లేదంటే పక్కింట్లో చెప్పి పెడతారు. మొహం చిట్లించిన ఇంట్లో ఆమె టేపు కూడా విప్పదు. ఆడమేస్త్రికి ఇంత బిగువేమిటని మగ మేస్త్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లు ఏ గోడ చాటునైనా నిలబడగలరు, వాళ్లను చూసి పేకాట ఆపేవాడు ఎవడూ లేడు.

ఆమె పుట్టింది అర్ధవీడు పక్కన గొర్రెలు మేపుకునే ఇంట్లో. యల్లయ్యను చేసుకుని మార్కాపురం వచ్చింది. అతను పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు, ఆమె అక్కడే పలకలు అరగదీసేది. పిల్లలు పలకలు వదిలి నోటుబుక్కులు పట్టేసరికి వాళ్ల ఫ్యాక్టరీ మూతపడింది. యల్లయ్యకు మిగిలింది దగ్గు ఒక్కటే. శ్రీశైలమ్మ ఇళ్లు కట్టే కూలికి పోయింది. ఇసుక మోసింది, ఇటుక మోసింది, మోస్తూ మోస్తూ పక్కనున్న మేస్త్రి చేతులు చూసింది. రాయి సంగతి ఆమెకు ముందే తెలుసు. ఏ బండ ఎటు పగులుతుందో, ఏది తడిస్తే జారుతుందో వేలితో తట్టి చెప్పగలదు. పదేళ్లు తిరిగేసరికి తాపీ ఆమె చేతిలోకి వచ్చింది. ఇప్పుడు చిన్న బాత్‌రూమ్ అంటే ఊరంతా ఆమె పేరే చెబుతారు. పెద్ద బాత్‌రూమ్ ఎవరైనా చేస్తారు, చిన్నదాంట్లోనే మేస్త్రి సత్తా తెలుస్తుందని ఆమె మాట.

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. ఇరవై రెండేళ్ల కిందట లక్ష్మీనరసమ్మ అనే భూమి గల ఆమె హనుమంతునిపాడు నుంచి వచ్చి మార్కాపురంలో ఇల్లు కట్టించింది. ఆ ఇంటి ఇసుకలో సగం శ్రీశైలమ్మ నెత్తిమీదే ఎక్కింది, బాత్‌రూమ్ గోడల ఇటుకలతో సహా. ఇంటివాళ్లు లోపల చేరారు, ప్రహరీగోడ పని మిగిలింది. అప్పటికి శ్రీశైలమ్మకు ఏడో నెల. ఆ నెలల్లో ఆడదానికి గంటకోసారి లేవాల్సి వస్తుంది, అది ఎవరి చేతిలోనూ లేదు. ఒక మధ్యాహ్నం వరండా దగ్గర నిలబడి, "అమ్మా, ఒక్కసారి బాత్‌రూమ్‌కి పోయొస్తా" అని అడిగింది.

లక్ష్మీనరసమ్మ లేవను కూడా లేవలేదు. "ఇప్పుడే కడిగించినా మే. మీరు తొక్కితే మళ్లా కడిగించాల. రోడ్డవతల చిల్లచెట్లు లేవా?" అంది.

చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మలు, ఉన్నాయి. వాటి నీడన పేకాడే మగవాళ్లూ ఉన్నారు. ఆమె రావడం చూసి ముక్కలు దించి, తీరిగ్గా తలలెత్తారు. శ్రీశైలమ్మ వచ్చిన దారినే తిరిగి వచ్చి సాయంత్రం దాకా బిగబట్టుకుంది. మర్నాటి నుంచి పనిలోకి వచ్చాక నీళ్లు తాగడం మానేసింది. తాగకపోతే పోనక్కర్లేదు కదా. ఎండలో, ఏడో నెల కడుపుతో, ఎనిమిది రోజులు అట్లా గడిపింది. తొమ్మిదో రోజు చలిజ్వరం, మంట, నడుము నొప్పి. ఆసుపత్రిలో డాక్టరు, "ఎవరు ఆపుకోమన్నారు నిన్ను?" అని తిట్టాడు. ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. కూతురు సుస్మిత నెలలు నిండకముందే పుట్టి, రెండు గుప్పిళ్లంత మనిషిగా పదహారు రోజులు చావుబతుకుల్లో ఉంది. బిడ్డ బతికింది. మంట మాత్రం శ్రీశైలమ్మను వదల్లేదు, ఏటా ఎండాకాలానికి చుట్టంలా వచ్చి పోతుంది. వచ్చినప్పుడల్లా ఆమె ఒకటే మొక్కు మొక్కుకునేది. ఆ యమ్మకు ఒక్కసారి తెలియాల. ఆపుకోవడమంటే ఏందో ఆ యమ్మ ఒంటికి తెలియాల.

ఓడలు బండ్లు అవుతాయి, బండ్లు ఓడలు అవుతాయి. మొన్న ఏప్రిల్‌లో ఫోను మోగింది. లక్ష్మీనరసమ్మ కొడుకు హరికృష్ణ, ఎరువుల దుకాణం అతను. "అమ్మకు మోకాళ్లు పోయినయి అక్కా. కూచుంటే లేవలేకపోతాంది. కమోడ్ పెట్టించాల. ఉండేది నాలుగు బై ఆరు, ఐడియా ఏమన్నా చెప్తావా?" అంటూ అడ్రసు చెప్పబోయాడు.

"ఆ ఇల్లు నాకు తెలుసులే నాయనా" అంది శ్రీశైలమ్మ.

ఆ ఇంట్లో మాత్రం ఆమె తన ప్రశ్న అడగలేదు. రెండు వీధుల అవతల ఆడబిడ్డ ఇల్లుంది, తనకా దిగులు లేదు. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే బాత్‌రూమ్ అని మాత్రం కళ్లారా చూసుకుంది. చూసి, లోలోపల నవ్వుకుంది.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో లక్ష్మీనరసమ్మ కూర్చుని ఉంది. మనిషి సగమైంది కానీ గొంతు అదే. "నీ పేరేంది మే?"

"శ్రీశైలమ్మ."

"ఏ ఊరు?"

"అర్ధవీడు కాడ."

ముసలామె ఇంకేమీ అడగకుండా రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. శ్రీశైలమ్మకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు తాను మోసిన మనిషికి తన పేరు కూడా గుర్తు లేదన్నమాట.

హరికృష్ణకు మాత్రం పని సంగతి శ్రద్ధగా చెప్పింది. "నాలుగు బై ఆరు మరీ చిన్నదేం కాదు నాయనా. దాన్ని ఇరుకు చేసింది ఆ సిమెంటు తొట్టి. దాన్ని పగలగొడితే మనిషి తిరిగే చోటొస్తాది. తలుపు లోపలికి తెరుచుకుంటాంది, బయటికి తిప్పుదాం. రేపు పెద్దమ్మ లోపల పడినా తలుపు అడ్డం రాదు. కమోడ్ ఆ మూలకి, దాని పక్కన గోడకు స్టీలు కడ్డీ. ఎదురుమూల కూచుని పోసుకునేదానికి మోకాలెత్తు రాతి అరుగు. సబ్బుకూ చెంబుకూ గోడలోనే గూడు కొడతా, బయటికి పొడుచుకొచ్చే బల్లలొద్దు. గోడలకు లేతరంగు టైల్స్ వేస్తే ఎలుతురుంటాది. కింద మాత్రం నున్నటి టైల్ వద్దు, మన పలకరాయి గరుకుది పరుస్తా, తడిసినా కాలు జారదు."

"ఎన్ని రోజులు పడ్తాదక్కా?"

"పదకొండు."

అందులో ఆరు సిమెంటువి, ఐదు ఆమెవి.

ఇంటికి పోయి చెబితే యల్లయ్య దగ్గు ఆపుకుంటూ సలహా ఇచ్చాడు. "వాటం తిప్పెయ్. నీళ్లన్నీ వంటింట్లోకి పోతయి." వాటమంటే నీళ్లు తూము వైపు జారేలా నేలకు ఇచ్చే వాలు. శ్రీశైలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "పని చెడగొడితే పోయేది నా పేరు. ఆ యమ్మకేం పోతాది, ఇంకో మేస్త్రి వస్తాడు" అంది. నిజమే. పగ తీర్చుకోవడానికి పని చెడగొట్టేవాళ్లు పనీ రానివాళ్లే, పగా రానివాళ్లే. ఆమెకు రెండూ వచ్చు.

మొదటి రోజే కమోడ్ కోసం పాత లెట్రిన్ బేసిన్ పెకలించి పారేసింది. ఇక ఆ ఇంటికి దిక్కు పక్కింటి శేషమ్మ. హరికృష్ణ దుకాణానికి పోతాడు, కోడలు బ్యాంకులో ఉద్యోగం, వాళ్లకు పగలు గడిచిపోతుంది. చిక్కంతా ముసలామెకే. మురుక్కాలువ గురించి లక్ష్మీనరసమ్మకూ శేషమ్మకూ ఆరేళ్లుగా మాటల్లేవు. హరికృష్ణ పోయి బతిమాలితే శేషమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు, అట్లాంటి అవకాశం మళ్లీ వస్తుందా? లక్ష్మీనరసమ్మ కర్ర ఊతంతో గేటు దాటి కనిపించగానే, "ఏంది అక్కా, మళ్లా వచ్చినావే? ఇప్పుడే గదా పోయినావు" అని వీధి చివరకు వినిపించేలా పలకరించేది. ఇటు గోడ మీద టైలు అతికిస్తూ శ్రీశైలమ్మ ఆ మాట వినేది. విన్నప్పుడల్లా చేతికి కొత్త ఊపు వచ్చేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ముసలామె బాత్‌రూమ్ గుమ్మం దాకా వచ్చింది. "ఆ మూల నిలబడి పోయొస్తా మే. అంతదూరం కాళ్లు రావడంలా."

శ్రీశైలమ్మ తాపీ కింద పెట్టి, తీరిగ్గా తలెత్తింది. "ఇప్పుడే కడిగినా పెద్దమ్మా. తొక్కితే మళ్లా కడగాల."

లక్ష్మీనరసమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది.  కర్ర ఊతంగా గేటు వైపు తిరిగింది. శ్రీశైలమ్మకు కడుపు నిండింది, అన్నం తిన్నా అంత నిండదు.

ఆరో రోజుకు ఇంకొకటి కనిపెట్టింది. కోడలు పొద్దున కుర్చీ పక్కన పెట్టిపోయే చెంబు సాయంత్రానికీ నిండుగానే ఉంటోంది. మార్కాపురం ఎండ పెంకులు పగలగొడుతుంటే ముసలామె నాలుకతో పెదాలు తడుపుకుంటూ కూర్చుంటోంది.

"నీళ్లు తాగవా పెద్దమ్మా?"

"దప్పిక లేదు మే."

ఆ అబద్ధం శ్రీశైలమ్మకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? తన సీసా మూత తీసి, ఆమె ఎదురుగానే నిలబడి గడగడా తాగింది. పిల్లికి చెలగాటమంటే ఇదే. జాలి రాలేదా అంటే రాలేదు. వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఏడో రోజుకు పని అయిపోయింది. "క్యూరింగ్ కావాల నాయనా, పదకొండో రోజు దాకా ఎవరూ కాలు పెట్టగూడదు" అని తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంది. రోజూ వచ్చి నేల మీద నాలుగు చెంబులు చల్లి, ముసలామె ముందు నుంచే నడిచి పోయేది.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. కొడుకూ కోడలూ ఇంట్లో లేరు. శేషమ్మ పొద్దున్నే పొదిలిలో పెళ్లికి పోయింది, గేటుకు తాళం. అది చూసే వచ్చింది. ఇవాళ బాత్‌రూమ్ అప్పగిస్తారన్న ధైర్యంతో లక్ష్మీనరసమ్మ చెంబు ఖాళీ చేసి కూర్చుంది. అదీ చూసింది.

అప్పగించే ముందు వాటం చూడాలి. ఏ మేస్త్రి అయినా రెండు బకెట్లు గుమ్మరించి, నీళ్లు ఎక్కడా నిలవలేదని చూపిస్తాడు. శ్రీశైలమ్మ సంచిలోంచి తువ్వాలు, సబ్బు, ఉతికిన చీర తీసింది. "మనిషి పోసుకుంటేనే వాటం సరిగా తెలుస్తాది పెద్దమ్మా" అని లోపలికి పోయి గడియ వేసింది.

ఎండకు ట్యాంకులో కాగిన వేడినీళ్లు బకెట్ నిండా పట్టుకుంది. తాను పేర్చిన రాతి అరుగు మీద కూర్చుంది. కాళ్లకు సబ్బు రాసుకుంది, జుట్టు విప్పుకుంది. మోసిన ఇసుకంతా ఇవాళ దిగుతున్నట్టుంది.

"అయిందా మే?" బయట కర్ర చప్పుడు.

"చూస్తాండా."

కాసేపటికి మళ్లీ. "తొందరగా రా మే. నాకు ఆగడంలా."

శ్రీశైలమ్మ ఒక చెంబు ముంచుకుని మెల్లగా భుజం మీద పోసుకుంది. తలుపుకు అవతల ముసలామె ఊపిరి వినపడుతోంది. తొడలు బిగించుకుని నిలబడ్డ మనిషి ఊపిరి అది.

"శ్రీశైలమ్మా." గొంతు తగ్గింది. "నీకప్పుడు ఏడో నెల గదా."

చెంబు చేతిలోనే ఆగింది.

"నువ్వు పేరు చెప్పినప్పుడే గుర్తుపట్టినా. అందుకే నోరెత్తలా. పదకొండు రోజులూ నువ్వు చేసిందంతా చేయనిచ్చినా. ఇంక చాలు మే, తలుపు తియ్."

ఇరవై రెండేళ్లలో శ్రీశైలమ్మ ఈ మనిషితో మనసులో ఎన్నో జవాబులు చెప్పించుకుంది. నేననలేదని బుకాయించినట్టు, తిట్టినట్టు, కాళ్లమీద పడినట్టు. ఇది మాత్రం ఎప్పుడూ ఊహించలేదు. వేడినీళ్లు పోసుకుంటూ కూడా ఒళ్లు చల్లబడింది. మరుక్షణం మంట మళ్లీ లేచింది, ముందటికంటే ఎక్కువగా. గుర్తుంది. గుర్తుండే పదకొండు రోజులు ఎదురుగా కూర్చుంది.

"గుర్తుంది గదా పెద్దమ్మా. మరి ఆ కడుపులో బిడ్డ ఏమైందని ఒక్కరోజన్నా అడిగినావా నన్ను?"

 అవతల కర్ర గోడకు ఆనించిన చప్పుడైంది. తర్వాత తలుపుకు బాగా దగ్గరగా, చిన్నగా వినిపించింది.

"బతికిందా?"

శ్రీశైలమ్మ బకెట్లోకి చూసింది.

"ఇంకా అరబకెట్ నీళ్లున్నయి. అయిపోయినాక చెప్తా" అని, చెంబు ముంచింది.