మా అన్న ప్యాంటు జారిన సినిమా

రివ్యూలు రాసినోళ్లంతా కూడబలుక్కున్నట్టు ఆ సినిమాకు ఒకటిన్నర స్టార్ ఇచ్చినారు. ఇంట్లోవాళ్లతో కలిసి చూడొద్దని కూడా రాసినారు. మా నాయన రివ్యూలు చదివే మనిషి కాదు. చదివుంటే మా ఊరి చర్చి సంఘాన్నంతా ట్రాక్టర్ ఎక్కించి మార్కాపురం తీసుకుపోయేవాడు కాదు.

నాయన పలకల గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము తెచ్చుకొని ఇంటికాడ కూర్చున్నాడు. ఆదివారం మాత్రం చర్చిలో పాట ఎత్తేది ఆయనే. దగ్గు కూడా చరణం అయిందాకా ఆగి, మర్యాదగా తర్వాత వచ్చేది. మా అన్న వేషాల కోసం హైదరాబాదులో తిరుగుతున్నాడని ఊరంతా నవ్వుతున్నప్పుడు కూడా ఆయన ప్రార్థనలో వాడి పేరు విడిచిపెట్టలేదు. అట్లాంటప్పుడు, హీరో స్నేహితుడి వేషం దొరికిందని అన్న ఫోన్ చేసినాడు.

"ఏం కథరా?" అన్నాడు నాయన.

"కాలేజీ పిల్లల కథ నాయనా."

కాలేజీ అంటే చదువే గదా అనుకున్నాడు నాయన. డిగ్రీ తప్పిన కొడుకును ఇంట్లో పెట్టుకొని కూడా ఆయనకు ఆ నమ్మకం పోలేదు. ఆ తప్పినోడిని నేనే.

ఆదివారం ఆరాధన అయినాక మైకులో చెప్పినాడు, మావాడి సినిమా వచ్చింది, అందరూ రావాలని. ట్రాక్టర్ సంగతి అన్నకు తెలీదు. చూసొచ్చినాక చెప్పి సంతోషపెడదామని నాయన ఆశ. పాస్టరు అయ్యగారు ట్రాక్టర్ ముందర నిలబడి, ఈ బిడ్డ వల్ల అనేకులకు మేలు కలగాలని ప్రార్థన చేసినాడు. ఆయన మాత్రం దర్శిలో ప్రార్థన కూటం ఉందని రాలేదు. దైవసేవకులకు కొన్ని ముందే తెలుస్తాయనుకుంటా.

థియేటర్లో మా ఆడోళ్లు తెల్లచీరల్లో వరుసలు వరుసలుగా కూర్చున్నారు. చుట్టూ ఈలలేసే పిల్లలు. మొదట్లో జోకులు మావాళ్లకు అర్థం కాలేదు, దేవుడి దయ. ఇంటర్వెల్‌కు ముందు అన్న లేడీస్ హాస్టల్ గోడ దూకినాడు. ప్యాంటు గోడమీది గాజుపెంకులకు చిక్కుకొని అక్కడే ఉండిపోయింది, అన్న ఒక్కడే లోపలికి దిగినాడు. ఎదురుగా టార్చిలైటుతో వార్డెన్. "చూసేశారు గదా మేడమ్, ఇంక మీరే పెళ్లి చేసుకోవాలి" అన్నాడు అన్న. థియేటర్ దద్దరిల్లింది.

మా వరుసల్లోంచి మా పెద్దమ్మ గొంతొక్కటే వినబడింది. "అయ్యో, బిడ్డ ఎంత చిక్కిపోయినాడే!"

నాయన లేచినాడు. బయటికి పోదామనే లేచినాడు. కానీ మా చర్చిలో ఒక పద్ధతుంది. పాట ఎత్తే మనిషి లేస్తే ప్రార్థన అని అర్థం, అందరూ లేవాల్సిందే. అలవాటు కొద్దీ మావాళ్లంతా లేచినారు. ఆడోళ్లు కొంగులు తలమీదికి లాక్కొని, కండ్లు మూసుకొని నిలబడినారు. తెరమీద అన్న చేతులడ్డం పెట్టుకొని పరుగెత్తుతున్నాడు.

"ఏయ్, కూచోండయ్యా! ఏందిది?" అని వెనక అరుపులు.

నాయన ముందుకు చూసినాడు, వెనక్కి చూసినాడు. ఇంక దారి లేక, చిన్నగా "ఆమేన్" అన్నాడు. అందరూ కూర్చున్నారు. ఆయనా కూర్చున్నాడు. అట్ల మా సంఘం ఆ సినిమాను చివరిదాకా చూసింది.

పోయేటప్పుడు పాటలు పాడిన ట్రాక్టర్, వచ్చేటప్పుడు ఇంజను చప్పుడుతోనే వచ్చింది. మరుసటి ఆదివారం నాయన పాట ఎత్తలేదు. ఎవరూ మానుకోమనలేదు. "ఇంట్లో బిడ్డను దిద్దుకోలేనోడికి మైకెందుకు" అని ఆయనే వెనక బెంచీలోకి పోయినాడు. అన్నతో మాట మానేసినాడు.

సినిమా మాత్రం వారాల తరబడి హౌస్‌ఫుల్. టీ కొట్టుకాడ నాయన కనబడితే చాలు, ఎవడో ఒకడు "చూసేశారు గదా" అనేవాడు. నాయన టీ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టినాడు. మా అమ్మ పెట్టే టీ తాగడమంటే అదొక శిక్ష.

క్రిస్మస్‌కు అన్న వస్తున్నాడని తెలిసి, నాయన పొద్దున రైలుకే గిద్దలూరు బయలుదేరినాడు.

"పండగపూట ఎక్కడికయ్యా?" అంది అమ్మ.

"పనుంది."

పని మానేసి ఏండ్లయిన మనిషికి గిద్దలూరులో ఏం పనో మేం అడగలేదు. అన్న కొత్త బట్టల సంచీ మంచం మీద పెట్టి, గుమ్మం దిక్కు చూస్తా కూర్చున్నాడు.

"నీకంటే రైలుకే ఎక్కువ మర్యాద ఇచ్చినాడన్నా" అన్నాను.

నా జోకుకు వాడు నవ్వకపోవడం అదే మొదలు. "ఎప్పటికైనా మాట్లాడతాడంటావారా?" అన్నాడు. మాట్లాడతాడులే అన్నాను. ఎప్పుడని అడగలేదు, నయం.

దగ్గు ముదిరి నాయనను ఆసుపత్రిలో చేర్చినప్పుడు అన్న షూటింగు వదిలేసి వచ్చినాడు. నాయనకు ఆక్సిజన్ మాస్కు పెట్టినారు, నేను మంచం పక్కనే ఉన్నాను. అన్న కాళ్లకాడ నిలబడి "నాయనా" అన్నాడు. నాయన పలకలేదు. అంతలో ట్రైనింగు నర్సు పిల్లలు అన్నను గుర్తుపట్టినారు. తలుపుకాడికి వచ్చి, ఒకరినొకరు తోసుకుంటా, "అన్నా, ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పవా, ప్లీజ్" అని ఫోన్లు ఎత్తినారు.

"ఇక్కడ కాదమ్మా, మా నాయనకు బాగాలేదు" అన్నాడు అన్న, మంచానికి వీపు తిప్పి, వాళ్లకు చేతులు జోడించి.

అప్పుడు మాస్కు లోపల్నుంచి నాయన అన్నాడు. "చెప్పరా. అడుగుతుండారు గదా."

అన్న అట్లనే నిలబడిపోయినాడు. వెనక్కి తిరిగే ధైర్యం రాలేదు వాడికి. తర్వాత, చర్చిలో వాక్యం చదివినంత మెల్లగా, ఆ డైలాగ్ చెప్పినాడు. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వినారు. నాయన మళ్లీ నోరు తెరవలేదు. తెల్లారి పోయినాడు.

అన్న ఇప్పుడు కూడా షూటింగుల నుంచి ఫోన్ చేస్తాడు. వెనక జనరేటర్ మోగుతుంటుంది. అమ్మ ఎట్లుంది, నువ్వు పరీక్ష రాసినావా అని అడిగి, అసలు మాటకొస్తాడు.

"రేయ్, నాయన ఆ మాట కోపంతో అన్నాడా, మామూలుగానే అన్నాడా? నువ్వు ఎదురుగా ఉన్నావు గదా. ముఖం ఎట్ల పెట్టినాడు?"

"మాస్కు ఉండింది అన్నా."

"కండ్లు?"

"మూసుకొనే ఉన్నాడు."

"సరే" అంటాడు. షాట్ రెడీ అని అక్కడ ఎవరో పిలుస్తారు.