రెండు జేబుల ప్రోగ్రాము, ఒక ఉత్తర్వు

1988 వేసవిలో మాచర్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగాధిపతిగా చేరాను. విభాగం అంటే ఒక గది, ఒక పీసీ, ఒక ప్రింటరు, నేను. అధిపతి అన్న మాట కూడా నేను తగిలించుకున్నదే. నియామక పత్రంలో ఉన్నది ‘ప్రోగ్రామర్, ప్రొబేషన్ మీద’ అని. ఫ్యాక్టరీలో నాకంటే కింద ఉన్నవాడు గది ఊడ్చే మనిషి ఒక్కడే, అతను కూడా నా మాట వినేవాడు కాదు.

ఏసీ ఉన్నది జనరల్ మేనేజరు గదికీ, కంప్యూటరు గదికీ మాత్రమే. అందుకని పల్నాటి మే నెలలో ఆఫీసర్లకు కంప్యూటరు మీద అపారమైన ఆసక్తి పుట్టేది. చెప్పులు బయట విడిచి వచ్చి, చెమట ఆరేదాకా సందేహాలు అడిగి, ఆరగానే జ్ఞానం చాలించుకుని వెళ్లేవారు.

నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని పర్సనల్ డిపార్ట్‌మెంటుది. ఏటా క్యాజువల్ కార్మికుల సర్వీసును ఒక కమిటీ సమీక్షించేది. కొందరిని పర్మనెంటు చేసేవారు, కొందరిని తీసేసేవారు. ఎవరి ఉత్తర్వు వారికి విడిగా ఇంగ్లీషులో టైపు చేసి, జనరల్ మేనేజరు సంతకంతో ఇచ్చేవారు. ఆ ఉత్తర్వులు తయారుచేసే ప్రోగ్రాము నేను రాయాలి.

ఆ ప్రోగ్రాము మొత్తం సున్నా నుంచి నేనే రాశానని తర్వాతి ఉద్యోగాల ఇంటర్వ్యూలలో చెప్పి రెండుచోట్ల నెగ్గాను. నిజం వేరు. తెర మీద గళ్లు గీయడం, అక్షరాలు దిద్దడం వంటి పనులకు ముందే రాసిపెట్టిన కోడ్‌ను లైబ్రరీ అంటాం. హైదరాబాదులో ఒక మిత్రుడి దగ్గర రెండు లైబ్రరీలు ఫ్లాపీల మీద ఎక్కించుకొచ్చాను. ఒకటి వివరాలు నింపే గళ్లకు బాగుండేది, ఇంకొకటి పేరాలు రాయడానికి బాగుండేది. రెండూ రెండు వేరువేరు కంపెనీలవి, ఒకదాని ఉనికి ఒకదానికి తెలియదు. తెర పైసగంలో మొదటిదాన్ని, కిందిసగంలో రెండోదాన్ని కూర్చోబెట్టి, మధ్యలో ఒక గీత గీశాను. నా సొంత రచన ఏదైనా ఉందంటే ఆ గీతే.

పైభాగంలో కార్మికుడి పేరు, సెక్షను, కమిటీ నిర్ణయానికి తగిన పేరా వస్తాయి. ఆ పేరాను కాపీ చేసి, కింద ఉత్తర్వులో పేస్టు చేయాలి. కాపీకి ఎఫ్ ఐదు, పేస్టుకు ఎఫ్ ఆరు. టైపిస్టుకు తికమక ఉండకూడదని పైనా కిందా అవే మీటలు పెట్టాను. అది నా తెలివి అనుకున్నాను.

కాపీ చేసిన ముక్క ఎక్కడో ఒకచోట నిలవ ఉండాలి. ఈనాటి వాళ్లు దాన్ని క్లిప్‌బోర్డు అంటారు, మేము జేబు అనేవాళ్లం. నా ప్రోగ్రాములో రెండు లైబ్రరీలకూ రెండు జేబులు ఉన్నాయి. ఆ రెంటినీ కలుపుతూ నాలుగు వరుసల కోడ్ రాశాను. పైన కాపీ చేసింది కింది జేబులోకి వెళ్లేది, కానీ కింది జేబు ఖాళీగా ఉంటేనే. అందులో అప్పటికే ఏదైనా ఉంటే నా కోడ్ నోరు మూసుకుని ఊరుకునేది. పైనుంచి వచ్చినది పేస్టు కాగానే ఖాళీ అయ్యేది, కిందిసగంలోనే కాపీ చేసినది మాత్రం ప్రోగ్రాము మూసేదాకా జేబులోనే ఉండిపోయేది. నేను పరీక్షించినప్పుడల్లా ప్రోగ్రాము కొత్తగా తెరిచి పరీక్షించాను కాబట్టి ప్రతిసారీ జేబు ఖాళీయే.

ఇక్కడ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. టైపు మిషన్ల కాలంలో ప్రతి ఉత్తర్వుకూ ‘కంపేరింగ్’ ఉండేది. ఒకరు చిత్తుప్రతిని కామాలతో సహా పైకి చదువుతారు, ఇంకొకరు శుద్ధప్రతి మీద వేలు పెట్టి చూసుకుంటారు, చివర ఇద్దరూ పొడి సంతకాలు పెడతారు. కంప్యూటరు వచ్చిన నెలలోనే పర్సనల్ మేనేజరు దాన్ని ఎత్తేశారు. మిషను రాసినదాన్ని మనిషి దిద్దడమేమిటని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

సున్నపురాయి కాల్చే బట్టీ దగ్గర, అంటే కిల్న్ సెక్షనులో, మస్తాన్ అనే ఫిట్టరు ఉండేవాడు, గురజాల మనిషి. ఏళ్ల తరబడి క్యాజువల్‌గానే ఉన్నాడు. ఆ ఏడు కమిటీ అతన్ని పర్మనెంటు చేయాలని తీర్మానించిన సంగతి క్యాంటీను దాకా తెలిసిపోయింది. ఒకరోజు నా కిటికీ దగ్గర ఆగాడు.

“సారూ, మీ మిషన్లో నా పేరు ఎక్కిందా?”

“ఎక్కింది మస్తాన్ భాయ్.”

“దిగకుండా చూడండి. చానా ఏళ్లకి ఎక్కింది.”

ఉత్తర్వులు కొట్టింది పద్మావతిగారు. నాకంటే పెద్దావిడ, మిషన్ల కాలం నుంచీ ఉన్న టైపిస్టు. మస్తాన్ కంటే ముందు ఆవిడ కొట్టింది ఒక తొలగింపు ఉత్తర్వు. అందులో పేరా ఒకటి చోటు తప్పిందని కిందిసగంలోనే కాపీ చేసి, ఆ ఉత్తర్వులోనే నాలుగు వరుసలు పైకి జరిపారు. దాంతో కింది జేబులో తొలగింపు పేరా కూర్చుంది. ఆ తర్వాత, ఆ రోజుకు చివరి ఉత్తర్వుగా, మస్తాన్ పేరు కొట్టి, పైన పర్మనెంటు పేరా కాపీ చేసి, కిందికొచ్చి ఎఫ్ ఆరు నొక్కారు. పడింది పాత పేరా. రెండు పేరాలూ ‘మీ సర్వీసును సమీక్షించిన మీదట’ అనే అర్థం వచ్చే ఒకే ఇంగ్లీషు మాటలతో మొదలవుతాయి, పొడుగు కూడా ఇంచుమించు ఒకటే. చదివి సరిచూసే పద్ధతి లేదు. కాగితం సంతకానికి పోయి, సంతకంతో మస్తాన్ చేతికి వెళ్లింది.

అతను చెప్పులతోనే నా గదిలోకి వచ్చాడు.

“ఏంది సార్ ఇది? మీటింగులో పర్మనెంటు అన్నారంట, కాయితంలో పొమ్మంటున్నారు. ఈ మధ్యలో నేనేం పగలగొట్టా?”

పద్మావతిగారిని పిలిపించాను. తప్పు ఆవిడదే అయి ఉంటుందని నా ముఖంలో కనపడి ఉండాలి.

“ఏమయ్యా, నేను నొక్కింది ఎఫ్ ఆరే. పడింది నీ సరుకు,” అన్నారు. కూర్చుని, మొదటినుంచీ ఎలా చేశారో అలాగే చేసి చూపించారు. మా ముగ్గురి కళ్లముందే తెర మీద మళ్లీ తొలగింపు పేరా పడింది.

కారణం దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. సరిచేసి, మిగిలిన ఉత్తర్వులన్నీ తిరగేశాను. తప్పు ఆ ఒక్కదాంట్లోనే ఉంది. తప్పు ప్రతినీ, సరైన ప్రతినీ పక్కపక్కన ప్రింటు తీసి పర్సనల్ మేనేజరు దగ్గరకు వెళ్లాను. ఆయన తెలివైనవాడు, సగం చెప్పేసరికే అర్థం చేసుకున్నారు.

“చూడబ్బాయ్, మిషను తప్పు కొట్టిందని మనమే రాసిస్తే, తీసేసిన వాళ్లంతా రేపు గేటు దగ్గర కూర్చుంటారు. మావీ మిషను తప్పులేనంటారు. జీఎం గారు సంతకం పెట్టింది ఉత్తర్వు, పెట్టనిది చిత్తు. మస్తాన్‌ను కొత్తగా అర్జీ పెట్టుకోమను. క్యాజువల్‌గా తీసుకుంటాను.”

అప్పుడు నేను బల్ల గుద్ది, ఒక మనిషి కూడు తీసే హక్కు మీకెవరిచ్చారని అడిగాను. ఈ ముక్క చాలామందికి చెప్పాను, విన్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా. అసలు నేనన్నది “సరే సార్.” నా ప్రొబేషను కాగితం కూడా ఆ బల్ల మీద నుంచే పోవాలి. బల్ల గుద్దిన చప్పుడు నేను రిటైరైన తర్వాత కలిపాను.

యూనియన్ సభ్యత్వం పర్మనెంటు వాళ్లకే. మస్తాన్ తరఫున మాట్లాడేవాళ్లు లేరు. మేనేజరు మాట చేరవేసింది నేనే.

“నేను బిగించిన బోల్టు ఊడితే నన్ను తిడతారు. మీది ఊడితే కూడా నన్నే పొమ్మంటారు. బాగుంది సారూ మీ మిషను,” అని, అర్జీ నన్నే రాసిపెట్టమన్నాడు. రాసిపెట్టాను. పాత సర్వీసు లెక్కలోకి రాకుండా, ఆ తర్వాతి సోమవారం కొత్తగా చేరినవాడిగా చేరాడు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లు అతనికంటే ముందు పర్మనెంటు అయ్యారు. నేను ఆ ఫ్యాక్టరీ వదిలేనాటికి అతను ఇంకా క్యాజువలే. నా ప్రొబేషను మాత్రం గడువుకు ముందే ముగిసింది, ‘ప్రోగ్రాములో లోపాన్ని వెంటనే సరిచేసినందుకు’ అన్న మెచ్చుకోలుతో.

వృత్తిపరంగా నేర్చుకున్నది ఇది. రెండు లైబ్రరీలను ఒక తెర మీద కూర్చినప్పుడు మీటలు ఒకటైతే చాలదు, జేబు ఒకటి కావాలి. కలపడం కుదరకపోతే మీటలు వేరుగా పెట్టాలి, వాడేవాడికి తికమక కలిగినా సరే. కాపీ చేసింది జేబులోకి చేరకపోతే మిషను అరవాలి. పాతది పెట్టి ఊరుకోకూడదు. కోడ్‌లో తప్పును ఆ పూటే దిద్దవచ్చు. సంతకం పడ్డాక అదే తప్పును దిద్దే అధికారం ఎవరికీ ఉండదు. ఉన్నవాళ్లు వాడరు. అందుకని ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములో ప్రింటుకు ముందు ఒక ఆపు పెట్టాను. ఇద్దరు చదివి తమ పొడి అక్షరాలు కొడితే తప్ప కాగితం బయటికి రాదు. కాలయాపన అని దాన్ని తీసెయ్యమన్న మేనేజర్లు ఉన్నారు. తీసెయ్యమన్న ప్రతిచోటా తీసేశాను.